బోను తలుపు తీసే మనిషి

మా వదినంటే ఏ జంతువుకూ పడదు. ఆవిడ గుమ్మంలో అడుగు పెడితే చాలు, కుందేళ్ళు గడ్డిలోకి దూరిపోతాయి, గుడ్లగూబ ఒళ్ళంతా ఉబ్బించి ముక్కు టకటకలాడిస్తుంది, రెక్క విరిగిన డేగ ఆ విరిగిన రెక్కతోనే ఎగిరిపోదామని చూస్తుంది. నేను కుళ్ళుకొద్దీ చెబుతున్నానని మీరనుకోవచ్చు. కుళ్ళే, కాకపోతే మీరనుకునే రకం కాదు. మా షెడ్డులో జంతువు చేత ఛీ కొట్టించుకోవడాన్ని మించిన గౌరవం ఇంకొకటి లేదు, ఆ గౌరవమంతా వదిన ఒక్కతే మూటగట్టుకుంది.

షెడ్డంటే ఒకప్పటి కలప డిపో. ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉంటుంది. పశువుల డాక్టరైన మా అన్నయ్య దాన్ని తీసుకుని, దెబ్బ తిన్న అడవి జంతువులను బాగుచేసి మళ్ళీ అడవిలో వదిలే పని పెట్టుకున్నాడు. బళ్ళ కింద పడ్డవి, ఉచ్చుల్లో చిక్కినవి, తల్లి పోయిన పిల్లలు, అన్నీ మా దగ్గరికే వస్తాయి. ముందు గదిలో స్టీలు బల్ల, మందుల బీరువా. దాని వెనక వంటగది అని పిలిచే గది, అందులో వండేదేమీ ఉండదు, పెద్ద ఫ్రీజరు నిండా చచ్చిన ఎలుకలూ కోడిపిల్లలూ ఉంటాయి. ఆ వెనక ఇనప వల కట్టిన గదులు. అన్నిటికీ చివర మట్టీ పొదలూ దుంగలూ ఉన్న పెద్ద ఆవరణ. ఒళ్ళు కుదుటపడిన జంతువు గది తర్వాత గది దాటుకుంటూ ఆ చివరి ఆవరణకు చేరుతుంది. అక్కణ్ణించి బోనులో అడవికి పోతుంది.

ముందు గదులన్నీ నావి. పాలు పట్టడం, కట్టు మార్చడం, మందు మింగించడం, ఉచ్చ దొడ్డి ఎత్తడం, అన్నీ నా చేతి మీదుగానే. ఎంత బెదురు జంతువైనా నా దగ్గర నెమ్మదిస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే, వీధిలో ఎవరి కుక్క అయినా నా వెంటే వచ్చేది. "మా బుడ్డీ చేతిలో ఏదో మహత్తుంది" అని అన్నయ్య వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. పెళ్ళయ్యేదాకా.

వదిన బడిలో డ్రిల్లు టీచరుగా చేసి వచ్చింది. ఆవిడ ఈల వేస్తే పిల్లలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయేవారట. ఆవిడ గుసగుసలాడితే పక్క వీధిలో వాళ్ళు జవాబు చెప్పగలరు. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి షెడ్డు చూద్దామని వచ్చింది. అటు చివర నుంచి ఇటు చివరకు నడిచేసరికి జంతువులన్నీ గోడలకు అతుక్కుపోయాయి. నేను లోపల్లోపల సంతోషించాను, ఇక ఈవిడ ఇటు రాదులే అని. అన్నయ్య మాత్రం నిధి దొరికినట్టు ఎగిరి గంతేశాడు. "ఇన్నాళ్ళూ మనకు లేనిది ఇదే కదే బుడ్డీ!" అన్నాడు. ఆ మర్నాటి నుంచి చివరి ఆవరణ వదినదైపోయింది.

అన్నయ్య మాటలో నిజముంది, అదే నా ఖర్మ. మనిషిని చూసి పారిపోని జంతువును అడవిలో వదిలితే, అది తిన్నగా ఎవరి పెరటి గుమ్మం ముందుకో పోయి నిలబడుతుంది. అక్కడ కర్ర పుచ్చుకున్న వాడెవడో ఉంటాడు. అందుకని చివరి ఆవరణలో జంతువు మళ్ళీ మనుషులను అసహ్యించుకోవడం నేర్చుకోవాలి. తిండి గోడలోంచి పెట్టిన గొట్టం ద్వారా జారుతుంది, ఎవరు వేశారో దానికి తెలియకూడదు. తలుపులోంచి వచ్చే మనిషి అరవడానికీ తరమడానికీ తప్ప దేనికీ రాకూడదు. అడవిలో బోను తలుపు తీసే మనిషి కూడా ఆ జంతువుకు అందరికంటే పడని మనిషే అయ్యుండాలి. తలుపు తీసిన వాళ్ళకు దూరంగా పరుగెత్తడమే దాని మొదటి పని కావాలని మా షెడ్డు నియమం. సాకిన మనిషి వ్యానులో కూర్చోవాలి. అద్దాలు ఎత్తేసుకుని, అటు తిరిగి.

ఈ నియమానికి కారణం నేనే. ఆ కారణం ఇప్పటికీ మా పెరట్లో గడ్డి మేస్తోంది. చాలా ముందు ఒక జింక పిల్లను అడవికి తీసుకెళ్ళి నా చేత్తో నేనే వదిలాను. అది నాలుగు గంతులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి నా చెయ్యి నాకింది. తోలాను, మళ్ళీ వచ్చింది. చీకటి పడుతుంటే చేసేది లేక ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు పీపాలా బలిసి, ఎవరొచ్చినా జేబులు వెతుకుతుంది. అన్నయ్య నన్నేమీ అనడు. నాతో ఏదన్నా చెప్పాల్సి వచ్చినప్పుడు ఒకసారి ఆ జింక వైపు చూస్తాడంతే.

అందుచేత నేను సాకిన జంతువు అడవిలోకి వెళ్ళిపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. బోను వదినా నేనూ కలిసి మోసుకెళ్ళి చెట్ల అంచున దించుతాం. నేను వచ్చి వ్యానులో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉంటాను. కాసేపటికి వదిన వస్తుంది, బెల్టు పెట్టుకుంటుంది, తాళం తిప్పుతుంది. "వెళ్ళింది" అంటుంది.

"అంతేనా?" అంటాను.

"అంతే."

రాత్రింబవళ్ళు గుండెల మీద పెట్టుకుని సాకింది నేను. అది వెళ్ళే ఆ కాస్త క్షణం చూసేది ఆవిడ. చూసింది చూసినట్టు దాచుకుని నా మొహాన ఒక్క ముక్క పారేస్తుంది. ఇంత పిసినారి మనిషిని నేనెక్కడా చూడలేదు. నాకే గనక ఆ అవకాశం వస్తే, అది తల ఎలా తిప్పింది, ఏ కాలు ముందు పెట్టింది, తోక ఎటు ఊపింది, అంతా పూసగుచ్చినట్టు చెబుతాను, వదిన వింటూ కూర్చుని ఉడికిపోవాలి అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇలాంటి రోజుల్లో మామ్మ వచ్చింది.

మామ్మంటే నక్క పిల్ల. గడ్డి కోసే యంత్రం తగిలి వెనక కాలు విరిగితే ఒక ట్రాక్టరు డ్రైవరు దాన్ని తన టోపీలో పెట్టుకుని తెచ్చాడు. తల్లి జాడ లేదు. అప్పటికింకా నక్క రంగు కూడా రాలేదు, బూడిదరంగు బొచ్చు, నీలం కళ్ళు. తువ్వాల్లో చుట్టి బల్ల మీద పెడితే, శాలువా కప్పుకుని లోకం మీద విసుక్కునే ముసలమ్మలా మూతి ముడుచుకుని చూసింది. జంతువులకు పేర్లు పెట్టకూడదని అన్నయ్య శాసనం, పేరు పెడితే మనదైపోతుందని. అందుకని అందరిముందూ దాన్ని "కాలుది" అనే అనేదాన్ని. ఎవరూ లేనప్పుడు మాత్రం మామ్మా అని పిలిచేదాన్ని. సీసా చేతిలోకి తీసుకుని "మామ్మా" అంటే చాలు, చెవులు రెండూ నావైపు తిరిగేవి.

మామూలుగా ఒకే ఈడు పిల్లలు రెండు మూడు వస్తాయి, వాటిని కలిపి పెంచుతాం. అవి ఒకదాన్ని చూసి ఒకటి కొరకడం, దాక్కోవడం, పొంచి దూకడం నేర్చుకుంటాయి. ఆ ఏడు ఇంకో నక్క పిల్ల రాలేదు. మామ్మకు చూసి నేర్చుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. కాలు అతికింది, బూడిద పోయి ఎర్రటి బొచ్చు వచ్చింది, నీలం కళ్ళు తేనె రంగుకు మారాయి. ఎలుకను పట్టడం దానంతట అదే నేర్చుకుంది, అది రక్తంలో ఉన్న విద్య. పట్టిన ఎలుకను తెచ్చి నా చెప్పు మీద పెట్టేది. అది మాత్రం ఎవరి విద్యో నాకు తెలుసు.

ఎండలు తగ్గుముఖం పట్టాక అన్నయ్య దాన్ని చివరి ఆవరణలోకి మార్పించాడు. అక్కడితో నా పని సరి. గొట్టంలో తిండి జారవిడవడం, ఆవరణ చెక్క గోడ పలకల సందులోంచి అది తిన్నదో లేదో చూడటం, ఇంతే నాకు మిగిలింది.

ఆ సందులోంచే వదిన పని కూడా చూసేదాన్ని. ఆవిడ ఎప్పుడూ ఒకే వేషంలో వెళ్ళేది: మోకాళ్ళ కింది దాకా వచ్చే నీలం వాన కోటు, దానికి అరచేతిలో సగం ఉండే గుండీలు, రబ్బరు బూట్లు. లోపలికి పోతూనే రేకు డబ్బా దడదడలాడించి, ఒక్క అరుపు అరిచేది. మామ్మ దుంగ కింద దూరి కళ్ళు మాత్రం బయట పెట్టుకుని వణికేది. వణికే దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది. వదినను చూస్తే ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే మండటమే ఎక్కువ. కొద్ది రోజుల్లో ఆ నీలం కోటు తలుపు దగ్గర కనిపించగానే మామ్మ మాయమైపోవడం మొదలుపెట్టింది. అన్నయ్య భోజనం దగ్గర వదినను మెచ్చుకోవడమూ మొదలుపెట్టాడు.

"ఈసారి బోను తలుపు నన్ను తీయనివ్వు అన్నయ్యా" అన్నాను ఒకరోజు, అందరం తింటుండగానే.

అన్నయ్య కిటికీలోంచి జింక వైపు చూశాడు.

"ఊరికే జింకను చూడకు. ఏదన్నా ఉంటే నోరు తెరిచి చెప్పు."

"నువ్వంటే దానికి ప్రాణమే బుడ్డీ. నువ్వు తీస్తే అది ఎక్కడికి పోతుంది?"

"ఆడపడుచు గారికి నా ఉద్యోగం మీద కన్నుపడింది" అంది వదిన నవ్వుతూ. "తీసుకోమనండి. అరవడానికి గొంతు ఉండాలిగా."

ఆ నవ్వుతో అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతుదేముంది? అది ఆవిడ గొంతుకు భయపడటం లేదు, కోటుకు భయపడుతోంది. ఆ కోటు దండెం మీద ఆరేసినా పారిపోతుంది. ఎవరు తొడుక్కున్నా అంతే, ఇందులో ఈవిడ ఘనత ఏమీ లేదు. ఈ ఆలోచన ఒకసారి బుర్రలో దూరాక చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఫ్రీజరు చెడిపోయి దాని సామాను కోసం వదిన పట్నానికి వెళ్ళిన రోజున, అన్నయ్య ముందు గదిలో గుడ్లగూబ రెక్క కుడుతుంటే, నేను మేకుకు వేలాడే నీలం కోటు తీసి తొడుక్కున్నాను. బూట్లు వదులైతే రెండు జతల మేజోళ్ళు వేసుకున్నాను. రేకు డబ్బా పట్టుకుని చివరి ఆవరణ తలుపు తీశాను.

మామ్మ ఎర్రటి గీతలా దుంగ కిందకు దూరిపోయింది. నన్ను చూసే! డబ్బా ఇంకా కొట్టను కూడా లేదు. నా గుండె ఎగిరి గంతేసింది. నేను అనుకున్నదే నిజం, అంతా కోటు మహిమ. ఇప్పుడే బయటికి వెళ్ళి అన్నయ్యను పిలుచుకొచ్చి పలకల సందులోంచి చూపిస్తే సరిపోయేది. అలా చేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ దుంగ కింద రెండు తేనె రంగు కళ్ళు నన్ను చూస్తున్నాయి. వదినను చూసే చూపుతో నన్ను చూస్తున్నాయి. అది నావల్ల కాలేదు. లోపలున్నది వదిన కాదని దానికి ఒక్కసారి తెలిస్తే చాలనిపించింది. నోట్లో నోట్లో "మామ్మా" అన్నాను.

ముందు ముక్కు బయటికొచ్చింది. తర్వాత తల. నేల మీద పొట్ట ఆనించి పాకుతూ వచ్చి కోటు అంచు వాసన చూసింది, చుట్టూ తిరిగింది, ఇంకోసారి చూసింది. చూసి, కుయ్యిమని ఒక్క మూలుగు మూలిగి నా మీదకు ఎక్కేసింది. నేను మట్టిలో చతికిలబడ్డాను. కోటు చేతిలో తల దూర్చి, గుండీ ఒకటి నోట కరిచి, పండు నములుతున్నట్టు నమిలింది. ఎన్నో వారాల తర్వాత దాని బరువు నా ఒడిలో పడింది. ఆవిడ కోటులో కూర్చుని, ఆవిడ ఆవరణలో, ఆవిడకు ఏనాడూ దక్కనిది నేను అనుభవిస్తున్నానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. కోటు దులిపి మేకుకు తగిలించేశాక కూడా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

తర్వాతి వారంలో అన్నయ్య పరీక్ష పెట్టాడు. వదలబోయే ముందు ప్రతి జంతువుకూ ఇది ఉంటుంది. పడని మనిషి లోపలికి వెళితే అది కనిపించకుండా పోవాలి, మనిషి ఉన్నంతసేపూ బయటికి రాకూడదు. అన్నయ్యా నేనూ పలకల సందు దగ్గర నిలబడ్డాం. వదిన కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళింది.

మామ్మ దాక్కుంది. కాసేపటికి ముక్కు బయటపెట్టింది. పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చి కోటు అంచు వాసన చూసింది. తోక ఊపింది.

వదిన డబ్బా కొట్టింది, నేల అదిరేలా అరిచింది. మామ్మ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి, ఇదేదో కొత్త ఆట కాబోలన్నట్టు చూసి, మళ్ళీ వచ్చింది. గుండీ కోసం ఎగిరింది. 

అన్నయ్య మొహం పాలిపోయింది. "బుడ్డీ, నువ్వు వెళ్ళు లోపలికి" అన్నాడు. వెళ్ళాను. నన్ను చూడగానే మామ్మ వెల్లకిలా పడి పొట్ట చూపించింది. పలకలకు అవతల ఉన్న అన్నయ్య ఈసారి జింక వైపు కూడా చూడలేదు.

"మనిషంటే దాని లెక్కలో నువ్వే. అందుకే ఇంకెవరు వెళ్ళినా నీలాంటి వాళ్ళేననుకుంటోంది" అన్నాడు బయటికి వచ్చాక. "చలి మొదలయ్యేలోపు వదలాలి. ఈ ఈడు నక్కలన్నీ ఇప్పుడే తల్లిని విడిచి చోటు వెతుక్కుంటాయి. ఇప్పుడు తప్పితే దానికి అడవిలో చోటు దొరకదు. జింకైతే పెరట్లో ఉంచుకున్నాం. నక్కను ఆ వల వెనక ఎన్నేళ్ళని ఉంచుతాం? అది తిరుగుతూ తిరుగుతూ మతి పోగొట్టుకుంటుంది. నేను కళ్ళారా చూశాను అలాంటి వాటిని."

"మరేం చెయ్యాలి?"

"ముందు అది నిన్ను చూసి పారిపోవాలి. ఆ పని వదిన చెయ్యలేదు. నువ్వే చెయ్యాలి."

ఆ సాయంత్రం నేను సీసాలు కడుగుతుంటే వదిన వచ్చి కోటు నా ముందు బల్ల మీద పరిచింది. మూడో గుండీ మీద పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి. కోటు చేతి లోపల ఎర్రటి వెంట్రుకలు.

"నా గుండీ అంత తీరిగ్గా నమలాలంటే అది ఎవరి ఒడిలోనో కూర్చుని ఉండాలి" అంది. ఆవిడ గొంతు నిజంగా చిన్నదవడం అప్పుడే మొదటిసారి విన్నాను.

నేను కుళాయి కట్టేశాను. అన్నయ్యకు చెప్పేసిందనుకున్నాను. చెప్పలేదట.

"చెబితే నిన్ను షెడ్డు గడప తొక్కనివ్వరు. అప్పుడు సీసా పట్టేదెవరు, నేనా? నేను పట్టుకుంటే ఒక్కటంటే ఒక్కటి నోరు తెరిచిందా ఏనాడైనా?"

ఆవిడ ఆ మాట అన్న తీరులో ఏదో ఉంది. నాకు మాత్రం అప్పుడు అది వినే ఓపిక లేదు. నా తప్పు కడుపులో పెట్టుకుని ఈవిడ గొప్పది కూడా అయిపోతోందే అన్నదొక్కటే తలకెక్కింది. చెప్పేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేసింది.

మర్నాటి నుంచి నేను మామ్మకు శత్రువునయ్యే పని మొదలుపెట్టాను. పళ్ళెం మీద గరిటెతో కొట్టాను. నా చేతిలో పళ్ళెం మోగిందంటే తిండి కదా, మామ్మ పరుగెత్తుకొచ్చి ఎదురుగా కూర్చుంది. చీపురు ఝళిపించాను. చీపురు రెండో కొస నోట కరుచుకుని గుంజులాట పెట్టింది. రబ్బరు గొట్టంతో నీళ్ళు కొట్టాను. తడిసి ముద్దయి, దులపరించుకుని, నా పాదాల మీద వచ్చి కూర్చుంది, చలేస్తోందని నాకే చెప్పుకోవడానికి. నేను చీపురు పారేసి బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

పలకల సందు దగ్గర వదిన నిలబడి ఉంది. ఇదంతా చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అరుపు బానే ఉంది" అంది, డ్రిల్లు నేర్పేటప్పటి గొంతుతో. "అరిచి వెనక్కి తిరుగుతావు చూడు, అప్పుడు నీ భుజాలు వాలిపోతున్నాయి. అది నీ నోరు చూడటం లేదు, భుజాలు చూస్తోంది. తలుపు దాటేదాకా దించకు."

"అలాగే."

"ఇంకోటి. దానికి పేరు పెట్టావు కదూ?"

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"నాకు తెలుసులే. సీసా పట్టేటప్పుడు నీ పెదాలు కదలడం చూశాను. ఆ పేరుతోనే తిట్టు. ఆ పేరు పిలిచి తరుము. లేకపోతే రేపు అడవి అవతల ఎవరు ఎవర్ని మెత్తగా పిలిచినా అది ఆగి వింటుంది."

అది విన్నప్పుడు వదినను కొట్టాలనిపించింది. ఆవిడ చెప్పింది నిజం కాబట్టి ఇంకా కొట్టాలనిపించింది. ఆ షెడ్డులో నాదంటూ ఉన్నది ఆ పేరొక్కటే. దాన్ని కూడా తెమ్మంటోంది.

రేకు డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళాను. మామ్మ చెవులు నిక్కబొడుచుకుని ఎదురొచ్చింది. "మామ్మా!" అని, నా గొంతు నాకే పరాయిదయ్యేలా అరిచి, డబ్బా దాని కాళ్ళ ముందు నేలకేసి కొట్టాను. అది బిత్తరపోయి ఆగింది. మళ్ళీ "మామ్మా!" అని తరిమాను. ఆవరణ చుట్టూ తరిమాను. అది దుంగ కింద దూరితే దుంగ మీద కొట్టాను. పొదలోకి పోతే పొదను కర్రతో బాదాను. భుజాలు దించకుండా తలుపు దాటాను. దాటాక ఏమయ్యానో ఎవరికీ అక్కర్లేదు.

రోజూ అదే పని. మొదట్లో అది నేను మారిపోయిన సంగతి నమ్మలేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ పాత నేను వచ్చానేమోనని ఒక్కడుగు ముందుకు వేసి చూసేది. ఆ ఒక్కడుగు మీద నేను డబ్బా కొట్టేదాన్ని. తర్వాత ఆ అడుగు సగమైంది. ఆ తర్వాత లేదు. చివరకొకనాడు నేను తలుపు తీసి, డబ్బా ఎత్తకుండా, మామ్మా అని మామూలుగా అన్నాను. దుంగ కింద నుంచి బుస్సుమని శబ్దం వచ్చింది. పెదవి పైకి లాగి, చిగుళ్ళతో సహా పళ్ళు చూపించింది. చెవులు తలకు అతుక్కుపోయాయి. వదినకు కూడా ఎప్పుడూ అంత అసహ్యం దక్కలేదు.

అన్నయ్య పరీక్ష పెట్టాడు. ఎవరు వెళ్ళినా మామ్మ కనిపించలేదు. నేను వెళ్ళినప్పుడైతే ఆ మూల నుంచి ఈ మూలకు గోడ పట్టుకుని పరుగెత్తింది, దారి కోసం. "అయితే తలుపు నువ్వే తీయాలే బుడ్డీ. నీకంటే పడని వాళ్ళు దానికి ఇంకెవరున్నారు?" అన్నాడు అన్నయ్య.

"నక్క తోక తొక్కావు పో" అంది వదిన. ఈసారి ఆ నవ్వులో పులుపు తగిలింది. నాకు ఆ పులుపు పంచదారలా ఉంది. నాలుక మీద అలాగే ఉంచుకున్నాను.

వదిలే రోజు వ్యాను వదినే నడిపింది. దారంతా నేను చెప్పబోయేదాన్ని మనసులో పేర్చుకుంటూ కూర్చున్నాను. ముందు తల ఎటు తిప్పింది, తర్వాత ఏ కాలు. బాగుచేసిన కాలు తడబడిందా లేదా. వెనక్కి చూసిందా లేదా, చూస్తే ఎంతసేపు. ఒక్కటీ వదలను. ఇంటికి చేరేదాకా చెబుతాను.

ఇద్దరం బోను మోసుకెళ్ళి చెట్ల అంచున దించాం. వదిన ఒక్క క్షణం నిలబడింది, ఏదో మరిచిపోయినట్టు. తర్వాత వ్యాను దగ్గరికి వెళ్ళి, ఎక్కి, అద్దాలు ఎత్తేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

నేను బోను తలుపు పైకి లాగాను.

మామ్మ రాలేదు. లోపల వెనక మూలకు నొక్కుకుని ఉంది. నేను పక్కకు జరిగాను. అది నెమ్మదిగా తల బయట పెట్టింది. ఎదురుగా ఆకులు రాలిన నేల, తడి, దానికి తెలియని వెయ్యి వాసనలు. ముందు కాళ్ళు గడప మీద పెట్టి ఆగిపోయింది. అటు చూసింది. తర్వాత నా వైపు చూసింది. బెదిరింది ఆ అడవిని చూసి, నన్ను చూసి కాదు. ఆ కళ్ళలో పళ్ళు చూపించిన నక్క లేదు, తువ్వాల్లోంచి మూతి ముడుచుకుని చూసిన ముసలమ్మ ఉంది. ఒక చెవి నా వైపు తిరిగింది. పాత నేను ఉన్నానేమోనని వినడానికి.

ఒక్క మాట మెత్తగా అంటే వచ్చేసేది. ఒడిలోకి వచ్చి గుండీ వెతుక్కునేది. వ్యానులో ఉన్న మనిషి అద్దాల వెనక అటు తిరిగి కూర్చుంది, ఆవిడకు తెలిసేది కూడా కాదు.

నేను భుజాలు పైకెత్తాను. "మామ్మా!" అని, చెట్ల మీద పిట్టలు లేచిపోయేలా అరిచాను.

చెవి వెనక్కి పడిపోయింది. ఎర్రగా ఏదో కదిలిందంతే. తర్వాత ఆకులు కదిలాయి, ఆ తర్వాత అవి కూడా ఆగిపోయాయి. ఏ కాలు ముందు పెట్టిందో నేను చూడలేదు. మామ్మ వెనక్కి తిరిగి చూడలేదు, అది మాత్రం చూశాను.

ఖాళీ బోను ఒక్కదాన్నే ఈడ్చుకుంటూ వ్యాను దగ్గరికి వచ్చాను. వెనక ఎక్కించి, ముందుకు వచ్చి కూర్చున్నాను. వదిన తాళం చేతిలో పట్టుకుని ఉంది, తిప్పడం లేదు. దారంతా పేర్చుకున్న మాటల కోసం నోరు తెరిచాను. ఉడికించాల్సిన మనిషి పక్కనే ఉంది, చెవులప్పగించి.

"వెళ్ళింది" అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. ఆ మొహం నాకు కొత్త కాదు, ఆ సీట్లో కూర్చుని ఇన్నేళ్ళూ నేను పెట్టిన మొహమే.

"అంతేనా?" అంది.

"అంతే" అన్నాను, బెల్టు పెట్టుకున్నాను.